సన్యాసమ్మ బొంత

అనగా అనగా, ఎండ ఆలస్యంగా వచ్చి తొందరగా వెళ్ళిపోయే ఒక కొండవాలు పల్లె. అక్కడ సన్యాసమ్మ అనే తల్లికి ఇద్దరు కూతుళ్ళు. పెద్దది పోలి, చిన్నది మంగి. ఇద్దరికీ కలిపి ఒకటే బొంత.

ఆ ఊళ్ళో బొంతను ఎవరూ కొనరు. ఇంటిల్లిపాది పాత బట్టలూ పొరలు పొరలుగా పేర్చి కుట్టుకుంటారు. ఏ ముక్క ఎవరిదో, ఏనాటిదో ఇల్లాలికి కంఠతా వచ్చు.

ఒక వానాకాలం పోలికి జ్వరం వచ్చింది. నీళ్ళు తాగితే జ్వరం ముదురుతుందని ఆ ఊరి నమ్మకం. పిల్ల దాహం, దాహం అంటూనే కన్నుమూసింది. ఆ రోజు అది తొడుక్కున్న రవికను కూడా సన్యాసమ్మ బొంతలో కుట్టింది. అది చేతికి తగిలినప్పుడల్లా కుమిలిపోయేది.

చలికాలం రాగానే కట్టెల మోపు కింద నుంచి ఒక చిట్టెలుక వచ్చింది. మహా మాటకారి.

"అమ్మా, నా గూటికి మెత్తటి గుడ్డ కావాలి. నీకు మనశ్శాంతి కావాలి. నేను ఏ ముక్క కొరికి తీసుకుపోతే, దాని తలపు నీ మనసులోంచి పోతుంది" అంది.

సన్యాసమ్మ ముందుగా ఆ రవిక ముక్క ఇచ్చేసింది. పోలి లేదని తెలుసు గానీ, ఎలా పోయిందో గుర్తులేదు. ఆ పూట కడుపునిండా తింది.

మర్నాడు పోలి తిరనాళ్ళకు కట్టుకున్న పరికిణీ ముక్క చేతికి తగిలింది. పోలి నవ్వు గుర్తొచ్చింది. ఆ నవ్వు మరీ ఏడిపించింది. అదీ ఇచ్చేసింది.

మూడోనాడు ఎలుక మళ్ళీ వచ్చింది. "ఇక పోలి పుట్టినప్పటి పొత్తిగుడ్డ ఒక్కటే మిగిలింది. అదీ ఇచ్చావంటే, అలాంటి పిల్ల ఒకతె ఉండేదనే నీకు తెలియదు" అంది.

సన్యాసమ్మ బొంత అందుకోబోయింది. దాని కింద మంగి, చిల్లుల్లోంచి చలి కొడుతుంటే ముడుచుకుని పడుకుని ఉంది.

"అమ్మా, అక్క నన్ను నీళ్ళడిగింది. చెంబు నా పక్కనే ఉంది. నేనియ్యలేదు. అందుకే పోనాదా?"

సన్యాసమ్మ నోరు తెరిచింది. అక్క ఎప్పుడడిగిందో, మంగి ఎందుకివ్వలేదో, ఏదీ గుర్తు రాలేదు.

"నాకు తెలీదే" అంది.

 మంగి గోడవైపు తిరిగి పడుకుంది. ఇన్నాళ్ళూ పసిది ఇదంతా ఒక్కతే మోసిందని తెలిసి తల్లి గుండె తరుక్కుపోయింది.

వెళ్ళి కట్టెల మోపు లాగింది.

"ఇప్పుడు తీసుకుంటే మళ్ళీ ఏడుస్తావు" అంది ఎలుక.

"ఏడుస్తాను. నా ముక్కలు నాకియ్యి" అని, తన కొంగు చింపి దాని గూటిలో పరిచి, ఆ ముక్కలు తీసుకుంది.

కొరికిన అంచులు కలిపి కుట్టసాగింది. ముందు పోలి నవ్వు తిరిగొచ్చింది. తర్వాత చెంబు, ఎండిపోయిన పెదాలు, "వద్దు, ఇయ్యకు" అన్న తన గొంతు. సూది చేతిలోంచి జారిపోయింది.

మంగిని ఒళ్ళోకి లాక్కుంది. "నీళ్ళియ్యొద్దన్నది నేనే తల్లీ. మంచిదనుకున్నాను. నీ తప్పు ఇసుమంతైనా లేదు."

మంగి అప్పుడు ఏడ్చింది, అక్క పోయాక మొదటిసారి. తల్లీ ఏడ్చింది. ఆ అతుకుల బొంత కిందే ఇద్దరూ పడుకున్నారు.

బాధను మరిచిపోతే మనం తేలికపడతామేమో గానీ, ఆ బరువు మనవాళ్ళ మీద పడుతుంది; గుర్తుంచుకున్నవారే ఎదుటివారి కన్నీళ్ళు తుడవగలరు.