వెనకపడవ తల్లి

రాష్ట్రం చిట్టచివర, ఏరు సముద్రంలో కలిసే మొగ దగ్గర మొగపేట పట్టణం ఉంది. బస్సు దిగగానే దుకాణాల బోర్డులు సగం తెలుగులోను, సగం ఒడియాలోను కనిపిస్తాయి. యాత్రికులు కంగారు పడనక్కరలేదు, రెండు వైపులా టీ రుచి ఒకటే. కార్తీకం వెళ్ళాక ఇక్కడ పడవ పందేలు జరుగుతాయి. ఒకప్పుడు నాటుపడవలే ఉండేవి. ఇప్పుడు కయాక్‌లు, తెరచాప పడవలు, రంగురంగుల చొక్కాల ఆటగాళ్ళు దేశం నలుమూలల నుంచీ వస్తున్నారు. ఆ వారమంతా లాడ్జీల్లో గది దొరకడం గగనం.

గెలిచినవారికి కమిటీవారు కప్పు ఇస్తారు. కాని ఒడ్డునున్న వెనకపడవ తల్లి గుడిలో తొలి హారతి గెలిచినవారికి దక్కదు. అందరికంటే ఆఖరున వచ్చిన పడవకు దక్కుతుంది. ఆ పడవ వచ్చేదాకా కర్పూరం వెలిగించరు. మంత్రిగారు వచ్చి కూర్చున్నా సరే, ఆగవలసిందే. అమ్మవారి విగ్రహం ఒళ్ళో పళ్ళెం పెట్టుకుని సముద్రం వైపు చూస్తూ ఉంటుంది. ఆ వైపు గుడికి తలుపు లేదు.

పూర్వం ఇక్కడ అసిరమ్మ అనే జాలరి ముసలామె ఉండేది. ఆమెకు గున్నయ్య అని కొడుకు, దాలమ్మ అని కూతురు. దాలమ్మను ఏటి అవతలి ఒడ్డున దండాసి అనే పడవ నడిపేవాడికి ఇచ్చారు. పేరుకు వేరే రాజ్యమే గాని, పిలిస్తే పలికేంత దూరం. అమావాస్యకు వేట ఉండదు కనుక, అమావాస్య అమావాస్యకూ దాలమ్మ పుట్టింటికి వచ్చి తల్లి చేతి చేపల పులుసు తిని వెళ్ళేది.

ఆ తల్లీకూతుళ్ళకు ఒక విద్య ఉండేది. మొగ దగ్గర అలలు గుంపులు గుంపులుగా విరుగుతాయి. గుంపుకూ గుంపుకూ మధ్య కాస్త తెరిపి ఉంటుంది. బయటి నుంచి వచ్చే పడవలోని వాడికి ముందున్న అల వీపే తప్ప దాని అవతల ఏముందో కనపడదు. అందుకే ఒడ్డున ఇసుకదిబ్బ మీద ఒక ఆడమనిషి ఎర్రగుడ్డ పట్టుకుని అల కాసేది. గుడ్డ పైకి ఉంటే ఆగాలి, కిందికి దిగితే రావాలి. అసిరమ్మ ఈ ఒడ్డున అల కాసేది. పెళ్ళినాడు తన ఎర్రచీరలో సగం చింపి కూతురికిచ్చింది. దాలమ్మ అవతలి ఒడ్డున ఆ ముక్కతోనే అల కాసేది.

ఇలా ఉండగా ఏరు మొగ మార్చుకుంది. మొగ ఎటు జరిగితే హద్దు అటు జరిగిందని రెండు వైపుల రాజులూ తగువుకు దిగారు. ఆబోతుల కొట్లాటలో లేగదూడలు నలిగినట్టు, జాలరుల రాకపోకలు ఆగిపోయాయి. అమావాస్యలు వచ్చాయి, పోయాయి. దాలమ్మ పుట్టిల్లు కంటికి కనపడుతూనే ఉంది, కాలికి అందలేదు. అసిరమ్మ రోజూ పొద్దున్నే తన సగం చీర కంచె మీద ఆరేసేది. నేను బాగానే ఉన్నానని కూతురికి అదే కబురు. దాలమ్మ దాన్ని చూసుకుని పనిలోకి వెళ్ళేది. చూసిన కొద్దీ బెంగ తీరేది కాదు, పెరిగేది.

ఒకనాడు కంచె మీద చీర లేదు. మర్నాడూ లేదు. దాలమ్మకు అన్నం సయించలేదు.

ఆ రోజుల్లోనే రాజులు ఒక తీర్మానానికి వచ్చారు. రెండు ఒడ్ల నుంచీ చెరొక పడవ సముద్రంలోకి వెళ్ళి తిరిగి రావాలి. ఏది ముందుగా మొగ మధ్యనున్న దిబ్బను తాకితే మొగ ఆ వైపు వారిది. ఆ తరువాత ఎవరూ అవతలి ఒడ్డుకు దాటరాదు. ఈ ఒడ్డు నుంచి గున్నయ్య, ఆ ఒడ్డు నుంచి దండాసి పడవలెక్కారు. ఎవరు గెలిచినా దాలమ్మకు పుట్టిల్లు లేనట్టే. ముందు నుయ్యి, వెనుక గొయ్యి.

పందెం నాడు ఈ ఒడ్డున అల కాయడానికి మనిషి లేదు. అసిరమ్మ మంచం పట్టింది. రెండు పడవలకూ దాలమ్మ గుడ్డే దిక్కు. దండాసి పడవ ముందుగా మొగకు వచ్చింది. గున్నయ్య బాగా వెనకబడ్డాడు. తెరిపి వచ్చింది. దాలమ్మ గుడ్డ దించలేదు.

"దించవే! తెరిపొచ్చీసింది, దించు!" అని అత్తవారి ఊరంతా గగ్గోలు పెట్టింది.

దాలమ్మ కన్నీళ్ళు కారుస్తూ చెయ్యి పైకెత్తే ఉంచింది. అల విషయంలో ఆమె ఆడిన అబద్ధం అదొక్కటే. తెరిపి జారిపోయింది. దండాసి తెడ్డు ఆపి అక్కడే ఉన్నాడు. ఈలోగా గున్నయ్య వచ్చి పక్కన చేరాడు. మళ్ళీ తెరిపి రాగానే గుడ్డ దిగింది. రెండు పడవలూ ఒక్క అల మీద వచ్చి ఒక్కసారే దిబ్బను తాకాయి.

పెద్దలు దండాసిని నిలదీశారు. "గుడ్డ దిగకుండా నాను రాను. అల కాసినోల మాట కాదంటే రేపు దరియాలోకి ఎవుడెల్తాడు?" అన్నాడు దండాసి. పెద్దలు పందెం సమమని ఒప్పుకున్నారు. మొగ ఇద్దరిదీ అయింది.

ఇక చూడండి, బంధువుల కోసం మొహంవాచిన ఆ ఒడ్డు జనమంతా పడవలు దింపారు. అలలు ఇంకా పోటుమీదున్నాయి. గున్నయ్య అక్కను రమ్మన్నాడు.

"అల కాసేది ముందెల్తే ఎనకోల గతేటిరా? ఒక పాలి అబద్దమాడినాను. చాలు. అమ్మకి సెప్పు, ఎనక పడవలో వత్తానని," అంది దాలమ్మ. మనసు తల్లి దగ్గరుంది, చెయ్యి మాత్రం కదలలేదు. ఒక్కొక్క పడవనూ దాటించింది.

ఈ ఒడ్డున అసిరమ్మ మంచాన్ని నీటి అంచుకు మోయించుకుంది. పుట్టింటికొచ్చే కూతురికి హారతివ్వాలని పళ్ళెంలో కర్పూరం పెట్టుకుని ఒళ్ళో ఉంచుకుంది. పడవ వచ్చినప్పుడల్లా కూతురి కోసం అడిగింది: "నా గుంటొచ్చిందా?"

"ఎనక పడవలో వత్తాదమ్మా," అన్నారు.

"అయితే ఎలిగించకండి. అది రానీ," అంది.

ఆఖరి పడవ ఇసుకను తాకింది. దాలమ్మ మోకాటిలోతు నీళ్ళలోనే దూకి పరుగెత్తింది. అసిరమ్మ కళ్ళు సముద్రం వైపే తెరుచుకుని ఉన్నాయి. పిలిస్తే పలకలేదు. పళ్ళెంలో కర్పూరం అలాగే ఉంది.

కొన్నాళ్ళకు తెల్లవారుజామున దాలమ్మకు కల వచ్చింది. ఎర్రచీర కట్టుకున్న తల్లి ఒడ్డున కూర్చుని, "నన్నిక్కడే కూకోబెట్టు. ఎనకొచ్చిన బిడ్డకి ముందు హారతి," అంది. వచ్చింది గంగమ్మో, అసిరమ్మో దాలమ్మకు తెలియలేదు. తెలుసుకోవాలని కూడా ఆమెకు అనిపించలేదు. అక్కడే ప్రతిష్ఠ చేయించింది.

నేటికీ గుడిలో పూజ చేసేది జాలరి ఆడవారే. కంచె మీద ఎర్రచీర ఆరేసిన తరువాతే పందెం మొదలవుతుంది. ఆఖరి పడవ రాగానే పూజారమ్మ నీళ్ళలోకి దిగి, "వచ్చావా అమ్మా?" అని అడుగుతుంది. "వచ్చానమ్మా" అని జవాబివ్వాలి. మొన్నటి పందేల్లో ఎక్కడో కొండ ప్రాంతం నుంచి వచ్చిన పిల్ల ఆఖరున చేరి, ఓడిపోయానని వెక్కి వెక్కి ఏడ్చింది. ఆ పిల్లకు తెలుగు రాదు. పూజారమ్మ చేతిలో హారతి చూసి, "అమ్మా" అని మాత్రం అంది. అది చాలునన్నారు.

ఇంటికి దూరమైనవారు ఈ తల్లిని దర్శిస్తే త్వరలో అయినవారిని చూస్తారని పెద్దల మాట. వచ్చే భక్తులు ముందు చేరాలని తోసుకోనక్కరలేదు. అందరూ వచ్చేదాకా ఆమె కర్పూరం వెలిగించనివ్వదు.