సున్నా కంటే కిందికి

బీమ్‌లో ఇక ఏ లోపమూ లేదని వకుళకు గట్టి నమ్మకం. మస్తాన్ సాహెబు గారు వచ్చి సరేనంటే చాలు, రేపు దాని బలం రెట్టింపు చేస్తారు. బీమ్‌ను తిప్పే యంత్రం బాధ్యత కూడా ఆమె చేతికొస్తుంది. ఆయన దగ్గర పని నేర్చుకున్న వాళ్లెవరికీ ఇంత చిన్న వయసులో అది దక్కలేదు.

కొండ కింద గుండ్రటి సొరంగం, అందులో చుట్టూ సాగే సన్నటి గొట్టం. లోపలి గాలి తోడేసి, ప్రోటాన్లను దాదాపు వెలుగంత వేగంతో పరుగెత్తిస్తారు. ఆ ప్రవాహాన్నే అక్కడివాళ్లు బీమ్ అంటారు. దారి తప్పిన ప్రోటాన్ గోడకు తగిలితే, పక్కనున్న కాపలా పరికరం పసిగట్టి తెర మీద ఒక గీత లేపుతుంది. ఒకేచోట మరీ ఎక్కువ తగిలితే గొట్టానికి చిల్లు పడుతుంది.

ఎంత సరిచేసినా ఆ గీతలు కొద్దికొద్దిగా లేస్తూనే ఉండేవి. ఏమీ తగలకపోయినా పరికరాలు తమంతట తామే చేసే గోల అనుకుంది వకుళ. ఏది ఎంత గోల చేస్తోందో కొలిచి, అంతా లెక్కలోంచి తీసేయమని కంప్యూటర్‌కు చెప్పింది. గీతలన్నీ బుద్ధిగా సున్నా మీద పడుకున్నాయి.

మస్తాన్ సాహెబు గారు వచ్చి, స్టూలు లాక్కుని, తెర వైపు చాలాసేపు చూశారు.

"ఒక్క ప్రోటానూ దారి తప్పడం లేదా?"

"ఒక్కటీ లేదు సార్."

"బీమ్ ఒకసారి ఆపమ్మా."

వకుళ ప్రాణం ఉసూరుమంది. బంగారంలా తిరుగుతున్న దాన్ని ఆపితే మళ్లీ నిలబెట్టేసరికి సగం రోజు పోతుంది. పెద్దాయనకు చాదస్తం ముదిరిందని మనసులో విసుక్కుని, మీట నొక్కింది.

సొరంగం ఖాళీ అయింది. ఇప్పుడు తిరిగేదీ లేదు, గోడకు తగిలేదీ లేదు. తెర ఉన్నదున్నట్టే ఉండాలి.

ఉండలేదు. గీతలన్నీ సున్నా దాటి కిందికి దిగిపోయాయి. అన్నిచోట్లా కాస్త కాస్త. తూర్పు వంపు దగ్గర మాత్రం బావిలా లోతుగా.

వకుళకు అప్పుడు తట్టింది. గోల కొలిచిన రోజున బీమ్ తిరుగుతూనే ఉంది. ఆపి కొలవాలన్న ధ్యాసే తనకు లేకపోయింది. గోల అని తను తీసేసినదంతా ప్రోటాన్లు గోడను కొట్టిన దెబ్బలే. ఇప్పుడు దెబ్బలు లేకపోయినా కంప్యూటర్ ఆ లెక్క తీసేస్తూనే ఉంది. రేపు బలం పెంచితే ఆ వంపు ఏమయ్యేదో తలుచుకుంటే ఆమెకు భయం వేసింది.

"మిగతాచోట్ల ఈ చిన్నవేమిటి సార్?"

"ఎంత తోడినా గొట్టంలో ఒకటీ అరా గాలి అణువులు మిగిలిపోతాయి కదా. వాటికి తగిలి పక్కకు పోయినవి."

అంత కొండ కింద, ఆ శూన్యంలో మిగిలిన ఒక అణువు, దాన్ని తాకి దారి తప్పిన ఒక ప్రోటాన్. ఆ కబురు కూడా యంత్రం ఇన్నాళ్లూ చెబుతూనే ఉంది. తను నోరు మూయించింది. తెర మీద తలకిందులుగా వేలాడుతున్న గీతలను ఆమె గుడిలో నిలబడ్డట్టు నిలబడి చూసింది.

తర్వాత రేపటి పని చూసేవాళ్లకు ఫోన్ చేసింది. "రేపు బలం పెంచడం లేదండీ. ముందు తూర్పు వంపు దగ్గర గొట్టం విప్పి చూడాలి. పొరపాటు నాదే," అని చెప్పి పెట్టేసింది.

పెద్దాయన అప్పటికే తలుపు దాకా వెళ్లారు.

"సార్, మీకు ముందే తెలుసా?"

"తెలీదమ్మా," అన్నారాయన. "అన్ని కోట్ల ప్రోటాన్లు పరుగెడుతుంటే ఒక్కటీ తడబడలేదంటే నమ్మేంత ధైర్యం నాకు లేదు."