తిన్న విస్తరి చూపిస్తేనే వడ్డన

చెన్నాంబకు నలభై ఆరేళ్లు. భోజనానికి కూర్చుంటే మజ్జిగన్నం దాకా ఎవరితోనూ మాట్లాడదు. ఒకానొక మెట్టరాజ్యంలో రాజుగారి ఉత్తరాలు రాసేది ఆవిడే, కొలువును నవ్వించేదీ ఆవిడే. ఆ రాజుకు తండ్రి పెట్టిన పేరు ఏదో ఉంది; తనకు తాను పెట్టుకున్న పేరు మాత్రం సర్వజ్ఞభూపతి.

ఒక ఏడు ఆయనకు గణిత విద్వాంసుల సభ జరపాలని బుద్ధి పుట్టింది. "బీదవాళ్లూ రావచ్చు. దారిబత్తెం మాది!" అని ఊరూరా చాటించాడు. తర్వాత మంత్రి నరహరయ్య ఆయన చెవిలో ఏదో ఊదాడు. రాజు తల పంకించి, చెన్నాంబ చేత ఇంకో వాక్యం రాయించాడు: 'సభకు వచ్చి, దారిఖర్చు పెట్టినట్టు రుజువు చూపినవారికే బత్తెం.'

చెన్నాంబ ఘంటం ఆగలేదు. చెప్పింది చెప్పినట్టు రాసేసింది.

సభకు వారం ముందు ఓబమ్మ దగ్గర్నుంచి తాటాకు మీద రాసిన కమ్మ వచ్చింది. ఇద్దరూ చిన్నప్పుడు ఒకే అరుగు మీద లెక్కలు నేర్చుకున్నారు. ఓబమ్మ ఏటి అవతల నూలు వడుక్కుని బతుకుతూ, గ్రహణాలు లెక్కగట్టే కొత్త పద్ధతి కనిపెట్టింది.

"చెన్నీ, నా కాలు సంగతి నీకు తెలుసు కదే. బండి లేనిదే రాలేను. బత్తెం ముందుగా పంపమని మీ రాజుగారితో ఒక్క మాట అనవే."

ఒక్క మాటే. కానీ మగవాడు అడిగితే దాన్ని మనవి అంటారు, ఆడది అడిగితే నస అంటారు. ఎంత నిజమైనా నవ్వులో ముంచి ఇస్తే తప్ప ఆ రాజు మింగడు. మంచి సమయం చూసి అందాంలే అనుకుంది చెన్నాంబ.

వారం గడిచింది. సభ మొదలైంది. పల్లకీలున్నవాళ్లంతా వచ్చి పల్లకీఖర్చులు పుచ్చుకున్నారు. ఆమె ఇంకా మంచి సమయం కోసమే చూస్తోంది.

అయిదో రోజు, ఆఖరి రోజు, విందు. రాజు విస్తరి ముందు కూర్చున్నాడు. చెన్నాంబ వడ్డనవాళ్లను గుమ్మంలోనే ఆపేసింది.

"ఏమిటీ ఆలస్యం? కడుపులో కాలిపోతోంది!"

"ఇదిగో, వడ్డిస్తారు ప్రభూ. తమరు తిన్న విస్తరి ఒక్కసారి చూపించండి."

"తినకముందే ఎంగిలి విస్తరి ఎక్కణ్ణుంచి తేను?"

"ఏం చేయను మహాప్రభూ, నిబంధన అలా ఉంది. భోంచేసినట్టు రుజువు చూపినవారికే భోజనం."

నరహరయ్యకు ఒళ్లు మండింది. "ఏం వెటకారమమ్మా ఇది! ఏ మూఢుడు రాయించాడు ఈ నిబంధన?"

"రాసింది నేనే అయ్యగారూ. రాయించిన మహానుభావుడి పేరు తమరి నోటితో వింటేనే బాగుంటుంది."

నరహరయ్య ఉత్తి విస్తరిలోకి చూస్తూ కూర్చున్నాడు. ఉన్నట్టుండి రాజు పకపకా నవ్వాడు. పొట్ట పట్టుకుని మరీ నవ్వాడు.

"దొరికిపోయాం నరహరయ్యా! ఇకమీదట బత్తెం ముందే పంపండి. చెన్నాంబా, ఏం కావాలో కోరుకో."

"ఏటి అవతలికి ఒక బండి, ప్రభూ."

బండితోపాటు పట్టుశాలువా కూడా ఇచ్చాడు.

విందయిన నాలుగో రోజున బండి ఖాళీగా తిరిగొచ్చింది. అప్పటికి సభ పందిరి గుంజలు కూడా పీకేశారు.

"ఆవిడ రానందమ్మా," అన్నాడు బండివాడు. "సభ రెండో రోజున కర్ర పట్టుకుని ఏటి దాకా నడిచిందంట. బల్లకట్టువాడు ఊరికే ఎక్కించుకోనన్నాడంట. చీకటి పడేదాకా ఆ ఒడ్డునే కూర్చుని వెనక్కి పోయిందంట."

"నన్నేమైనా అందా?"

"ఏమీ అనలేదమ్మా. రాజుగారితో ఆ మాట తమరు ఏ రోజున అన్నారని అడిగింది. అయిదో రోజునని చెప్పాను."

చెన్నాంబ ఆ కొలువులో మరో పన్నెండేళ్లు ఉంది. ఓబమ్మను చూడడానికి ఒక్కసారి కూడా ఏరు దాటలేదు.