రాజు దూకిన ఆట

చయనులు మాస్టారికి ఒక అలవాటు ఉండేది. ఎవరు ఏ ధర్మసందేహం అడిగినా ముందు చదరంగం బల్ల పరిచి పావులు సర్దమనేవారు. ఆట సగంలో ఉండగా, అడిగినవాడు తన ప్రశ్న మరిచిపోయాక, జవాబు దానంతటదే వచ్చి కూర్చునేది.

ఒక ఆదివారం ఫణీంద్ర మొహం మాడ్చుకుని వచ్చాడు. మాస్టారి దగ్గర ఆట నేర్చుకున్న మాలో కంప్యూటరు చదువు చదివినవాడు అతనొక్కడే. ఆ సంగతి మమ్మల్ని మరిచిపోనిచ్చేవాడు కాదు. మాస్టారు నేర్పింది పాతకాలపు ఇంటాట. అందులో ఎదుటివాడు రాజుకు గురిపెట్టి షా అననంత వరకు రాజు ఒక్కసారి గుర్రంలా దూకవచ్చు. ఆ ఆటను కంప్యూటరు చేత ఆడించాలని ఫణీంద్ర, గుంటూరులో ఉన్న నస్రీన్ కలిసి పూనుకున్నారు. ఎత్తులు ఆలోచించే ప్రోగ్రాము ఆమెది. తెర మీద బల్ల, పావులు, వాటి కదలికలు ఇతనివి.

తెర ముచ్చటగానే ఉంది, కాదనకూడదు. ఆటే అఘోరించింది. సరిగ్గా గెలవబోయే చోట యంత్రం తన ఏనుగును తీసుకెళ్ళి బంటు నోట్లో పెట్టేది. ఆమె చూసేదీ అతని తెరలోనే. నెలల తరబడి తన ప్రోగ్రామును విప్పి, కట్టి, మళ్ళీ విప్పి, తప్పు దొరక్క చివరికి ఆ పిల్ల విసిగిపోయింది. ఇక తన వల్ల కాదని, తన పేరు తీసేసి ఇంకెవరినైనా చూసుకోమని అంతకుముందు రోజే చెప్పిందట.

"తోటివాళ్ళ తప్పుల్ని ఎన్నాళ్ళని ఓర్చుకోవాలి మాస్టారూ?" అన్నాడు ఫణీంద్ర.

మాస్టారు ల్యాప్‌టాప్ మూసేయమన్నారు. నస్రీన్‌కి ఫోను చేసి స్పీకరు పెట్టమన్నారు. ఆయన తన ఎత్తు చెబితే ఆమె దాన్ని ప్రోగ్రాముకు అందించి, అది ఇచ్చిన జవాబు చదివి వినిపించాలి. ఇక్కడ ఫణీంద్ర చెక్క పావులు జరపాలి. తెర లేకుండా ఇదేం ఆటని ఫణీంద్ర గొణిగాడు. నస్రీన్ మాత్రం, ఎలాగూ ఇదే ఆఖరిసారి కదా, సరేనంది.

ఆట సాగేకొద్దీ మాస్టారు, ఇంకా షా అనకుండానే, యంత్రం రాజును మూలకు నెట్టుకొచ్చారు. ఆయనే గెలుస్తారని మేమంతా అనుకున్నాం. అప్పుడు ఫోనులోంచి నస్రీన్ చదివింది.

"రాజు దూకుతున్నాడు మాస్టారూ. మంత్రి పక్క గడిలోకి."

ఫణీంద్ర చెయ్యి రాజు మీద పడి అక్కడే ఆగిపోయింది. రాజు దూకడం తెర మీద చూపించాలంటే కొంత అదనపు పని ఉంది. అది తరవాత చూద్దాంలే అని అప్పట్లో పక్కన పెట్టాడు. అంతవరకూ తెరకు తెలియని ఎత్తు వస్తే బదులుగా ఏదో ఒకటి వేసెయ్యమని తాత్కాలికంగా ఒక ముక్క రాసి, ఆ సంగతే మరిచిపోయాడు. ఏనుగును బంటు నోట్లో పెట్టింది ఆ ముక్కే. ఇదంతా తరవాత అతనే మాకు చెప్పాడు.

మాస్టారే చెయ్యి చాపి రాజును దూకించారు. ఇంకాసేపటికి ఆయన ఆటే కట్టయింది.

ఫోనులోంచి నస్రీన్ ఏడుపు గొంతుతో అడిగింది.

"ఇవాళ ఇంత బాగా ఎలా ఆడింది ఫణీ? నా తప్పు ఎక్కడుందో నీకు దొరికిందా?"

ఫణీంద్ర చెవులు ఎర్రబడ్డాయి. తల దించుకున్నవాడు ఎత్తలేకపోయాడు. అతని సిగ్గు చూడలేక మేమూ బల్ల వైపే చూస్తూ కూర్చున్నాం. కాసేపటికి, తన బదులు ఆయనైనా ఏదో ఒకటి చెబుతారేమోనని ఓరగా మాస్టారి వంక చూశాడు.

మాస్టారు పావులు ఒక్కొక్కటే పెట్టెలో వేసుకుంటున్నారు.

"ఎన్నాళ్ళు ఓర్చుకోవాలని కదూ అడిగావు?" అన్నారు. "ఆ అమ్మాయినే అడుగు నాయనా. ఇంకా లైన్లోనే ఉంది."