వీబియా తుడిచిన కంచు కవచం

అనగనగా మన ఊరు కాదు, మన దేశమూ కాదు. ఇటలీ అని సముద్రాలవతల ఒక దేశం. వేల ఏళ్ళ కిందట అక్కడి కొండల్లో ఒక ఊరుండేదిరా కన్నా. ఆ ఊరి దొర స్తాతిస్. ఆయన భార్య వీబియా.

స్తాతిస్‌కి ఒక కంచు కవచం ఉండేది. మూడు గుండ్రటి బిళ్ళలు, రొమ్ము మీద పైన రెండు, కింద ఒకటి. వీబియా బూడిదతో తోమిందంటే అందులో మొహం చూసుకోవచ్చు.

ఒకరోజు పొద్దున్నే స్తాతిస్ గుర్రమెక్కి వాగు దాటుతున్నాడు. గుర్రం కాలు జారింది. ఆయన మంచులాంటి నీళ్ళలో పడ్డాడు, తల రాయికి కొట్టుకుంది. అప్పుడు జనం పరుగున వెళ్ళి పైకి తీశారు. ఉలుకూ లేదు, పలుకూ లేదు. ఒళ్ళంతా చల్లగా ఉంది.

"పోయాడు," అని తమ్ముడు మారాస్ గొల్లుమన్నాడు.

ఆ ఊళ్ళో దొర పోతే పొద్దు కొండ దాటకముందే మట్టిలో పెట్టాలి. ఊరికే కాదు. నడుముకి కంచు పటకా కట్టాలి. తలకి ఈకల టోపీ పెట్టాలి. రొమ్ముకి కవచం తొడగాలి. పక్కన ద్రాక్షసారా కూజా ఉంచాలి. ఊరందరికీ గొర్రెమాంసం కాల్చి పెట్టాలి.

గొయ్యి తవ్వారు. మాంసం కాల్చడానికి మంటలు వేశారు. ఆ తర్వాత వీబియా ఏడుస్తూనే పటకా కట్టింది, టోపీ పెట్టింది, కవచం తొడిగింది. తొడిగి చూస్తే, గడ్డానికి దగ్గరగా ఉన్న ఒక పై బిళ్ళ మీద సన్నగా ఆవిరి!

"మారాస్, ఇదేంటి?"

"పొగమంచు వదినా."

ఆమె కొంగుతో తుడిచింది. మళ్ళీ ఆవిరి పట్టింది.

"నువ్వు వంగున్నావుగా, నీ ఊపిరే తగిలుంటుంది," అన్నాడు మారాస్. "పొద్దు వాలుతోంది వదినా, ఇంక ఎత్తనివ్వు."

"నా మాట విను. అందరూ వెనక్కి జరగండి!" అంది వీబియా. మూడోసారి తుడిచి తనూ దూరంగా నిలబడింది. ఊరంతా కళ్ళప్పగించి చూసింది. నెమ్మదిగా, నెమ్మదిగా, బిళ్ళ మసకబారింది.

"బతికే ఉన్నాడు!" అని మారాసే ముందు అరిచాడు.

అప్పుడు కవచం విప్పేశారు. విందు కోసం వేసిన మంట దగ్గరికే మోసుకెళ్ళారు. ఒకరు గొంగళి కప్పారు, ఒకరు అరికాళ్ళు రుద్దారు, వీబియా ఆయన తల ఒళ్ళో పెట్టుకుంది. చాలాసేపటికి స్తాతిస్ ముక్కుపుటాలు కదిలాయి. కళ్ళు తెరవకుండానే అన్నాడు కదా,

"ఆ మాంసం మాడిపోతోంది. తిప్పండర్రా!"

ఇంక చూడు! ఏడ్చినవాళ్ళు నవ్వారు, నవ్వుతూనే మళ్ళీ ఏడ్చారు. మారాస్ అన్నని వాటేసుకుని వదల్లేదు.

"ఇవాళ ఏం పండగ?" అన్నాడు స్తాతిస్.

"మీ చావు విందండీ," అంది వీబియా.

"అయితే మొదటి ముక్క నాకే!"

ఆ తర్వాత ఊరంతా కలిసి తిన్నారు, పాడారు, చిందులేశారు. సమాధికి తీసుకెళ్దామని పూలు కట్టిన బండి అక్కడే ఉంది. స్తాతిస్ వీబియా చెయ్యి పట్టుకుని దాన్నెక్కించి, తనూ ఎక్కి పక్కన కూర్చున్నాడు. "ఇంటికి పోనీ!" అన్నాడు. పెళ్ళి ఊరేగింపులా అందరూ వెనకాలే నడిచారు.

బండి వాళ్ళ వాకిట్లోకి,
కథ కంచి దారిలోకి,
నా కన్న నిద్ర ఒళ్ళోకి.