అడ్డుచెక్కకు చోటు

అనగా అనగా, బరువంతా ఎద్దుల మెడల మీదే కదిలే కాలంలో, గవ్వలదుర్గం అనే కొండ రాజ్యం ఉండేది. ఆ రాజ్యంలో ధాన్యం పండేది, పండ్లు కాసేవి, తేనె పొంగేది. ఉప్పు మాత్రం పుట్టేది కాదు. ఉప్పు సముద్రం ఒడ్డు నుంచి రావాలి. మూడు మలుపుల కనుమ ఎక్కి రావాలి.

దాన్ని తెచ్చేవి నూటెనిమిది బండ్లు. వాటికి పక్కలకు గోడలు లేవు, పైన గూడు లేదు. బల్లపరుపు చెక్క, రెండు చక్రాలు, ముందు కాడి. అంతే. ఉప్పు గోనెలు చెక్క మీద పేర్చి, మోకులతో బిగించి కట్టేవారు.

ఆ బండివాళ్లకు ఒక ఆచారం ఉండేది. ఏటా తొలకరికి ముందు అందరూ గుప్పిట ఉప్పు పట్టుకుని ప్రమాణం చేసేవారు: "మన నూటెనిమిదీ ఒకే బండి." ఒక బండిలో ఏ సామాను ఎక్కడుంటే, మిగతా అన్నింటిలోనూ అక్కడే ఉండాలి. ఎవరికి ఆపద వచ్చినా పక్కవాడు పరుగెత్తుకొచ్చి, చూడకుండానే చెయ్యి పెట్టి కావలసింది అందుకోవాలని పెద్దలు అలా ఏర్పాటు చేశారు. ఆ వరస తప్పిన బండికి కనుమలో దారి ఇచ్చేవారు కాదు.

ఆ బండివాళ్లలో సుంకన్న అని ఒక కుర్రవాడు. వాడికి లెక్కలంటే ప్రాణం. మొదటి మలుపుకు ఎన్ని అడుగులో, నిండు బండి ఎక్కితే ఎద్దు ఎన్నిసార్లు ఊపిరి తీస్తుందో, అన్నీ లెక్కపెట్టేవాడు. వాడికి రెండు ఎద్దులు. పెద్దది బూడిదడు, చిన్నది మచ్చలడు. బూడిదడు దూడగా ఉన్నప్పుడు సుంకన్న చేతి గంజి తాగి బతికింది. అప్పటినుంచి ఇద్దరిదీ ఒకే ప్రాణం. ఆ దేశంలో ఎద్దులు తమకు మేత వేసే మనిషితో మాట్లాడేవి, వేరేవాళ్లతో మాట్లాడేవి కావు.

సుంకన్న బండి కట్టిన మొదటి ఏడాది, సామాను తెరిచిన అరలో ఉండేది. బండి చెక్క కింద వెదురు తడిక ఒకటి కట్టి, మోకులు, కందెన ముంత, గడ్డపార, కత్తి, అడ్డుచెక్క అన్నీ దాని మీద పడేసేవారు. అడ్డుచెక్క అంటే ఎత్తు మీద బండి వెనక్కి జారకుండా చక్రం కింద పెట్టే చెక్క దిమ్మ.

ఆ ఏడు వాన ఎడతెగకుండా కురిసింది. తడిక మీది మోకులు తొంభై రోజులు తడిశాయి. పైకి గట్టిగానే కనిపించాయి. రెండో మలుపులో సుంకన్న బండి మోకు పుటుక్కున తెగింది. పదహారు గోనెలు లోయలో పడ్డాయి. వాడి వెనక మరో ఇరవై బండ్లకూ అదే గతి పట్టింది. ఆ చలికాలమంతా కొండ మీది పిల్లలు చప్పిడి కూడు తిన్నారు.

బండివాళ్ల నాయకుడు పెద లింగప్ప మీసం దువ్వి, కర్ర నేలకు కొట్టాడు.

"తెరిచి పెట్టడం మన తప్పు. ఇకమీదట అంతా మూత లోపలే! టేకు పెట్టె, రెండు గొళ్లేలు, తాళం. తాళంచెవి మొలతాడుకు. ఒక్క సీల కూడా బయట కనపడకూడదు."

అందరూ గుప్పిట ఉప్పు పట్టారు.

పెట్టె వచ్చిన మొదటి రోజే సుంకన్న కూర్చుని లెక్కపెట్టాడు. బండి దిగాలి, తాళంచెవి విప్పాలి, తాళం తియ్యాలి, గొళ్లేలు ఎత్తాలి, మోకుల కింద నుంచి అడ్డుచెక్క లాగాలి. ఎంత తొందరపడ్డా నలభై అంకెలు లెక్కపెట్టేంతసేపు పట్టింది. మూడో మలుపు దగ్గర బండి వెనక్కి జారితే లోయ అంచుకు చేరేది పన్నెండు అంకెల్లో.

"బూడిదా, నలభై అట. పన్నెండు అట," అన్నాడు.

బూడిదడు నెమరు ఆపింది. "ఆ ఇరవై ఎనిమిది ఎక్కడినుంచి తెస్తావు సుంకన్నా?"

సుంకన్న లింగప్ప దగ్గరకు పరుగెత్తాడు. "పెద్దయ్యా, ఒక్క అడ్డుచెక్కను మాత్రం బయట ఉంచుకుందాం. కావాలంటే కత్తి కూడా. తక్కినవన్నీ పెట్టెలోనే."

లింగప్ప నవ్వాడు. చుట్టూ ఉన్నవాళ్లూ నవ్వారు.

"ఒరేయ్ లెక్కల సుంకా, పోయినేడు మోకు తెగి పదహారు గోనెలు పారబోసింది నువ్వే కదట్రా? ఇప్పుడు మాకు బుద్ధులు చెప్తావా? మొన్న బయట పెట్టి మునిగాం. చాలదా?"

"మునిగింది మోకులు పెద్దయ్యా. అడ్డుచెక్క తడిస్తే ఏమవుతుంది?"

"ఇవాళ అడ్డుచెక్క, రేపు కత్తి, ఎల్లుండి నీ చుట్టల పొట్లం! ఒకటి బయటికొస్తే అన్నీ వస్తాయి. ప్రమాణం ప్రమాణమే. ఇష్టం లేకపోతే బండి పక్కకు తీసుకో."

సుంకన్న తల దించుకుని వచ్చాడు. బండి పక్కకు తీస్తే తిండెలా? ఎద్దులకు మేతెలా? అడ్డుచెక్క చేతిలో పట్టుకుని చాలాసేపు నిలబడ్డాడు. తరవాత పెట్టెలో పెట్టాడు. తాళం వేశాడు.

ఆ ఏడు మోకు ఒక్కటి కూడా తెగలేదు. లింగప్ప ఎదురుపడ్డప్పుడల్లా "ఏరా, నీ పన్నెండేమైంది?" అని వెక్కిరించేవాడు. సుంకన్న నవ్వి ఊరుకునేవాడు. తన లెక్క తప్పయితే బాగుండునని వాడికీ ఉండేది.

మాఘమాసంలో ఒక పొద్దున, మంచు ఇంకా కరగక ముందు, మూడో మలుపు దగ్గర మచ్చలడి గిట్ట జారింది. నిండు బండి వెనక్కి కదిలింది.

ఒకటి. సుంకన్న దూకాడు. రెండు. కాలితో ఒక రాయిని చక్రం కిందకు నెట్టాడు. చక్రం దాన్ని ఎక్కి దిగింది. మూడు, నాలుగు. వేళ్లు తాళంచెవిని పట్టుకున్నాయి. ఐదు. పెట్టె పన్నెండులోపు తెరుచుకోదని వాడికి తెలుసు. లోకంలో ఆ సంగతి వాడికి తెలిసినంత బాగా ఎవరికీ తెలియదు. తాళంచెవి వదిలేసి ఎద్దుల మెడల దగ్గరకు ఉరికాడు. మెడను కాడికి కట్టిన పలుపు కోసెయ్యడానికి కత్తి లేదు. కత్తి పెట్టెలో ఉంది. చేత్తో ఒక్క పలుపు విప్పాలంటే ఐదు అంకెలు. రెండు విప్పాలంటే పది. మిగిలినవి ఏడు.

"చిన్నవాడిది విప్పు," అంది బూడిదడు.

"నోరు ముయ్యి!" అని అరిచాడు సుంకన్న. వాడి చేతులు బూడిదడి మెడ మీదే ఉన్నాయి.

"వాడికి ఇంకా చాలా ఏళ్లున్నాయి సుంకన్నా. లెక్క నీకే బాగా వచ్చు కదా. విప్పు."

సుంకన్న మచ్చలడి పలుపు విప్పాడు. పన్నెండో అంకెకు బండి అంచు దాటింది. ఉప్పు, పెట్టె, పెట్టెలో కొత్తదిలా మెరిసే అడ్డుచెక్క, బూడిదడు, అన్నీ కలిసి వెళ్లిపోయాయి. చాలాసేపటికి కింది నుంచి చప్పుడు వచ్చింది. ఆ తరవాత ఏమీ రాలేదు.

మూడో నాడు బండివాళ్లంతా ఉప్పు కొట్టం ముందు కూడారు. లింగప్ప కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"సుంకన్న చెప్పిందే నిజం. మూత మన కొంప ముంచింది. పెట్టెలన్నీ పగలగొట్టండి. మళ్లీ తెరిచిన తడికే కట్టుకుందాం. ఉప్పు పట్టండి!"

చేతులు లేచాయి. ఒక్క చెయ్యి లేవలేదు.

"మళ్లీ ఏమైందిరా నీకు?" అన్నాడు లింగప్ప. "నీ మాటే కదా గెలిచింది."

"నేను తడిక అడగలేదు పెద్దయ్యా," అన్నాడు సుంకన్న. వాడి గొంతులో కోపం లేదు. బలమూ లేదు. "కొట్టం ముందు వాలుంది. ఒక ఖాళీ బండి తెప్పించండి. మూడుసార్లు వదులుదాం. ఆపడం మీరే చెయ్యండి. నేను లెక్కపెడతాను."

మొదటిసారి అడ్డుచెక్క పెట్టెలో ఉంది. లింగప్ప తాళం తియ్యనేలేదు, బండి పోయి కింది గోడకు గుద్దుకుంది.

రెండోసారి అడ్డుచెక్క తెరిచిన తడిక మీద ఉంది. లింగప్ప చెయ్యి పెట్టాడు. మోకు అడ్డమొచ్చింది, గడ్డపార అడ్డమొచ్చింది, కందెన ముంత చేతిలో పగిలింది. పదహారో అంకెకు అడ్డుచెక్క చేతికొచ్చింది. పన్నెండో అంకెకే బండి గోడ దగ్గరుంది.

మూడోసారి సుంకన్న అడ్డుచెక్కను చక్రం పక్కన ఒక కొక్కేనికి ఒంటరిగా తగిలించాడు. దాని పక్కన కత్తి. తక్కినవన్నీ పెట్టెలో పెట్టి మూత వేశాడు. పెట్టె అడుగున గాలి ఆడడానికి నాలుగు బెజ్జాలు కొట్టాడు. లింగప్ప చెయ్యి చాచాడు. నాలుగో అంకెకు బండి ఆగింది.

ఎవరూ ఈల వెయ్యలేదు. ఎవరూ చప్పట్లు కొట్టలేదు.

"మోకు అవసరం ఒక పూట ఆగుతుంది పెద్దయ్యా," అన్నాడు సుంకన్న. "కందెన రెండు రోజులు ఆగుతుంది. వాటిని వాన నుంచి కాపాడితే చాలు. అడ్డుచెక్క ఆగదు. పలుపు కోసే కత్తి ఆగదు. ఆగేవాటిని మూత లోపల పెట్టండి. ఆగనివాటిని చేతి పక్కన పెట్టండి. నూటెనిమిదింటిలోనూ ఒకే చోట పెట్టండి. మన ప్రమాణం ఎక్కడికీ పోదు."

లింగప్ప కర్ర కింద పెట్టి, వాడి రెండు చేతులూ పట్టుకున్నాడు. "ఈ మాట అప్పుడే వినుంటే..." అన్నాడు.

ఆ తరవాత వచ్చిన వానల్లో ఒక్క మోకూ కుళ్లలేదు. మూడో మలుపులో తొమ్మిది బండ్లు జారాయి, తొమ్మిదీ ఆగాయి. కొండ మీద ప్రతి ఇంటి కూరలో ఉప్పు పడింది. రాజుగారు సుంకన్నకు పట్టుశాలువా పంపారు. లింగప్ప తన మందలోంచి మంచి కోడెను తోలుకొచ్చి వాడి గుమ్మం ముందు కట్టాడు.

సుంకన్న ఆ కోడెను తిప్పి పంపాడు. శాలువాను మచ్చలడి వీపు మీద కప్పాడు. మచ్చలడు అప్పటికి ఎన్నో నెలలుగా నోరు విప్పలేదు. ఆ పొద్దున మొదటిసారి అడిగింది.

"ఆ లెక్క నీకు ఎప్పుడు తెలిసింది?"

"పెట్టె వచ్చిన మొదటి రోజే."

"నిజమని తెలుసా?"

"తెలుసు."

"మరి అడ్డుచెక్కను లోపల ఎందుకు పెట్టావు?"

సుంకన్న దాని వీపు మీది శాలువా అంచు సర్దాడు. "నూట ఏడుగురు పెట్టారు. నేనూ పెట్టాను."

మచ్చలడు ముందున్న గడ్డి మీదనుంచి మొహం తిప్పుకుంది. సుంకన్న దాని పక్కనే నేల మీద కూర్చుండిపోయాడు.

పిల్లలూ, ఏది ఆగగలదో ఏది ఆగలేదో చూసి దేని చోటు దానికివ్వాలి. ఆ లెక్క తెలిసినవాడు తెలిసిన రోజే దాని ప్రకారం నడవాలి, ఎందుకంటే ఆలస్యంగా గెలిచిన నిజం వందమందిని కాపాడినా, పోయిన ఒక్కరిని వెనక్కి తేలేదు.