ఆఖరి బట్టమేకలూ, ఆకుపచ్చ తలపాగా

బీడుకోట రాజు కొండభూపతికి ఒకనాడు అద్దంలో తన తలపాగా బోసిగా కనిపించింది. పొరుగురాజు తలపాగాకి నెమలి తురాయి ఉందట. అంతే, రాజ్యంలో కరువు, చెరువు గండి అన్నీ పక్కకి పోయాయి.

"ఏ రాజు నెత్తిమీదా లేని తురాయి నాకు కావాలి!" అని కొలువులో గర్జించాడు.

వేటనాయకుడు ఓబుళరాయుడు మీసం దువ్వుకుంటూ లేచాడు. ఆకుపచ్చ తలపాగా, మెడలో వెండి కొమ్ము, రాజు కుడిపక్క పీట అతని పదవి గుర్తులు. అవి లేకపోతే ఇంట్లో కుక్క కూడా అతన్ని గుర్తుపట్టదు.

"ప్రభూ! మన గడ్డిమైదానంలో బట్టమేక పిట్టలున్నాయి. మేకపిల్లంత పిట్ట, తెల్లటి మెడ. ఒకప్పుడు గుంపులుగా తిరిగేవి. నా బాణం పుణ్యమా అని ఇప్పుడు ఒక్క జంటే మిగిలింది. దాన్ని కొట్టామంటే అలాంటి తురాయి ఇక ఎవడికీ దొరకదు!"

"భేష్! రేపే వేట!"

రాజు వెనక తమలపాకుల అడపం పట్టుకుని నిలబడ్డ సుంకమ్మ, ఆకుకి సున్నం రాస్తూ ఆగింది. తమలపాకులు చుట్టివ్వడం ఆమె ఉద్యోగం. అడక్కపోయినా మాట చుట్టివ్వడం ఆమె గుణం.

"దొరా, ఆ పిట్ట ఏడాదికి ఒక్క గుడ్డు పెడుతుంది. అదీ వట్టి నేలమీద. ఆ జంట కూడా పోతే రేపు మన పిల్లలు బట్టమేకకి కొమ్ములెన్ని అని అడుగుతారు."

"ఏమే, వేట సంగతి నీకెందుకే? నోర్మూసుకుని ఆకులకి సున్నం రాసుకో" అని కసిరాడు ఓబుళరాయుడు.

"రాస్తున్నా నాయకా. మిగిలింది మీ నాలిక్కి రాయమంటారా?"

కొలువు ఘొల్లున నవ్వింది. పందెమంటే పడిచచ్చే రాజు సర్దుకుని కూర్చున్నాడు.

"సుంకమ్మా, నన్ను బతిమాలి లాభం లేదు."

"మిమ్మల్నెవరు బతిమాలతారు దొరా? రేపు మీరు బాణం వదిలే వేళకి ఈ నాయకుడి నోటితోనే వద్దనిపిస్తాను."

"అనిపిస్తే ఆ పిట్టలు నీవి. అనిపించలేకపోతే ఏడాదిపాటు నువ్వు నోరు విప్పకూడదు!"

ఆ షరతు కొలువులో అందరికీ తెగ నచ్చింది. సుంకమ్మ నోటిదెబ్బ తినని మగాడు అక్కడ లేడు మరి. ఆ సాయంత్రం సగం మంది బట్టమేకలు చావాలని కొబ్బరికాయలు మొక్కుకున్నారు.

ఏడాది మౌనమంటే సుంకమ్మకి ఉరే. పోనీ, అది ఓర్చుకోవచ్చు. పిట్టలు పోతే మళ్ళీ ఏ దేవుడు తెచ్చిస్తాడు?

మర్నాడు ఎండ ఎక్కకముందే అందరూ మైదానం చేరారు. ఆడపిట్ట గడ్డిలో ఒదిగి కూర్చుంది. మగపిట్ట గొంతు తిత్తిలా ఉబ్బించి, తోక ఎత్తి, అచ్చం ఓబుళరాయుడిలాగే తిరుగుతోంది. రాజు విల్లందుకున్నాడు.

సుంకమ్మ ఒక బుట్ట తెచ్చి ఓబుళరాయుడి ముందు వినయంగా పెట్టింది. అందులో చింతపండు, ఒక తక్కెడ.

"ఏమిటే ఇది?"

"గజశాల అధికారి పంపాడు నాయకా. అంగట్లో తన పక్కచోటు మీకోసం ఊడ్చిపెట్టాడట."

కోటలో ఆఖరి ఏనుగు చచ్చిన మర్నాడే ఆ అధికారి పదవి ఊడింది. ఇప్పుడు చింతపండు అమ్ముకుంటున్నాడు.

"అంగట్లో కూర్చునే ఖర్మ నాకేమిటి?"

సుంకమ్మ రాజువైపు తిరిగింది. "దొరా, బతిమాలడం కాదు, ఒక్క సందేహం. ఏనుగుల్లేని గజశాలకి అధికారిని ఉంచలేదేం?"

"పని లేని పదవి నా కొలువులో ఉండదు!" అన్నాడు రాజు, చూపు బాణం మీంచి తిప్పకుండానే.

"ఆహా! నాయకా, మన అడవిలో పులులేవీ?"

"నేనే కొట్టాను!"

"జింకలు?"

"అవీ నేనే!" చెయ్యి మీసం మీదికి పోయింది.

"ఈ జంట?"

"ఇదిగో, ఇప్పుడు..." చెయ్యి మీసం మీదే ఆగిపోయింది.

"మరి రేపట్నించీ దేన్ని వేటాడతారు నాయకా, దోమల్నా?"

ఓబుళరాయుడి మొహం తెల్లబోయింది. రాజు నారిని చెవిదాకా లాగాడు.

"ఆ పచ్చ తలపాగా ఇక్కడే విప్పేస్తారా, కోటకొచ్చాక ఇస్తారా? మా వంటింట్లో మసిగుడ్డకి కరువుగా ఉంది" అంది సుంకమ్మ.

ఓబుళరాయుడు బుట్టని తన్నేసి రాజు ముందుకి దూకాడు.

"వద్దు ప్రభూ! వద్దు! వద్దు!"

రాజు చెయ్యి అదిరింది. బాణం పచ్చ తలపాగాని ఎగరేసుకుపోయి రేగుకంపలో గుచ్చుకుంది. పిట్టలు రెండూ బరువుగా రెక్కలు కొట్టుకుంటూ లేచిపోయాయి. ఆడపిట్ట లేచినచోట, వట్టి నేలమీద, ఒక్క గుడ్డు.

రాజు విల్లు కిందపడేసి పొట్ట పట్టుకున్నాడు. "ఒక్క వద్దు చాలని పందెం కాస్తే మూడు వద్దులు చెప్పించావు కదే! సరే, మరి నా తురాయి?"

మగపిట్ట తిరిగినచోట రాలిన తెల్ల ఈకని సుంకమ్మ తీసిచ్చింది.

"చంపితే ఒక్కసారే దొరా. బతికుంటే ఏటా రాలుస్తుంది. తమరు కాస్త వంగాలి, అంతే."

రాజు తన చేతి కడియం తీసి ఆమెకిచ్చాడు. "పిట్టలు నీవే. ఇంకేం కావాలో అడుగు."

"ఈ మైదానం వాటికి వదిలెయ్యండి. ఇందులోకి విల్లు రాకూడదు, నాగలి రాకూడదు. కాపలా మన నాయకుడిది. ఈ పిట్టల వంశం నిలిచినన్నాళ్ళూ పచ్చ తలపాగా ఆయనదే. అంతరించిన రోజున... చింతపండు బుట్ట నా దగ్గర భద్రంగా ఉంటుంది."

"అలాగే!" అన్నాడు రాజు.

ఆ మాట పూర్తయ్యేలోపే ఎక్కడిదో ఒక ఊరకుక్క వాసన చూసుకుంటూ గుడ్డువైపు వచ్చింది. ఓబుళరాయుడు వట్టి తలతోనే, కొమ్ము ఊదుకుంటూ దానివెంట పడ్డాడు.

"ఛీ పో! అది గుడ్డు అనుకున్నావా? నా పదవే అది, నా పదవి!"

రాజు నవ్విన నవ్వుకి ఈసారి ఆయన తలపాగానే ఊడి కిందపడింది.